నొక్కనక్కర్లేని మీటలు



మనం కాపురానికి వచ్చిన కొత్తలో మీట అంటే దానికొక రూపం, ఒక చప్పుడు వుండేవి. స్విచ్చి వేస్తే 'టక్'మనేది. మిక్సీ మర తిప్పితే ఒకటి, రెండు, మూడు అని వేలికి తెలిసిపోయేది. ఇప్పుడు చూడండి! ఇండక్షన్ పొయ్యి తెచ్చుకుంటే నల్లటి నున్నటి గాజుపలక. దానిమీద ఎక్కడా గుండీ లేదు, గంటు లేదు. వేలు ఆనిస్తే చాలు, కుయ్యిమంటుంది, అంకెలు వెలుగుతాయి. చిమ్నీకీ, వాటర్ ప్యూరిఫయర్‌కీ, కొన్ని వాషింగ్ మెషీన్లకీ, కొత్త అపార్టుమెంట్లలో లిఫ్టుకీ కూడా ఇదే వరస.

"నేనెంత గట్టిగా నొక్కినా పలకదు, మా మనవడు ఇలా తాకితే అలా వెలుగుతుంది" అని మా పక్కింటి పెద్దావిడ విసుక్కుంటూ వుంటారు. "అది చేతి వేడికి పనిచేస్తుందండీ" అంటారు ఒకరు. "కాదు, నొక్కే బలాన్నిబట్టి" అంటారు ఇంకొకరు. నిజానికి అది వేడినీ చూడదు, బలాన్నీ చూడదు. మరి దేన్ని చూస్తుంది? అది తెలుసుకుంటే రోజూ వంటింట్లో పడే విసుగు సగం తగ్గుతుంది. అంతకంటె ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్ళకి ఎలాంటి వస్తువు కొనిపెట్టాలో మనకొక అవగాహన వస్తుంది.

మొదట ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. మీ చేతిలో వున్న సెల్‌ఫోను అద్దంకూడా ఈ కుటుంబానికి చెందినదే. పెన్సిలు వెనక కొసతో, చెక్క గరిటె కాడతో దానిమీద తట్టండి. ఎంత నొక్కినా పలకదు. ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి చల్లటి కీరాదోసకాయ ఒకటి తీసి, తడి తుడిచి, చేత్తో పట్టుకుని దాని కొసతో మెల్లిగా తాకండి. వేలితో తాకినట్టే పలుకుతుంది! కాయకి వేడి లేదు, మనం గట్టిగా నొక్కిందీ లేదు. అందులో వున్నదల్లా నీళ్ళూ, ఆ నీళ్ళలో కరిగిన లవణాలూ. మన శరీరంలోనూ సగానికి పైగా నీరే, అదీ ఉప్పునీరే. విద్యుచ్ఛక్తి లెక్కలో మన వేలు తోలుసంచీలో పోసిన ఉప్పునీళ్ళన్నమాట. ఆ మీట కనిపెట్టేది దాన్నే.

అయితే మధ్యలో గాజు వుంది కదా, గాజులోంచి కరెంటు పోదు కదా అని మీరడగొచ్చు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు దాదాపు 280 ఏళ్ళ వెనక దొరికింది. 1745లో క్లైస్ట్ అనే జర్మన్ ఆయనా, 1746లో హాలెండులో లైడెన్ నగరపు పండితుడు ముషెన్‌బ్రూక్, ఇద్దరూ ఎవరికి వారుగా ఒక సంగతి గమనించారు. గాజుసీసాలో నీళ్ళుపోసి, అందులోకి ఒక లోహపు తీగ దించి, సీసాను అరచేత్తో పట్టుకుని విద్యుత్తు ఎక్కిస్తే అది లోపల నిలవ వుండిపోతోంది. రెండో చేత్తో తీగను ముట్టుకుంటే పెద్ద దెబ్బ కొడుతోంది. సీసాను బల్లమీద పెట్టి చేస్తే మాత్రం అంత నిలవ వుండటంలేదు. అంటే లోపలి నీళ్ళు ఒక రేకు, బయట పట్టుకున్న అరచెయ్యి రెండో రేకు, మధ్య గాజు అడ్డుగోడ అన్నమాట. తరవాత తరవాత చెయ్యికి బదులు బయట లోహపు పూత వేశారు. దాన్నే మనవాళ్ళు బళ్ళో లైడెన్ జాడీ అని చెప్పేవారు. మధ్యలో అడ్డం, అటూ ఇటూ రెండు వాహకాలు – ఈ ఏర్పాటునే కెపాసిటర్ అంటారు. మన ఫ్యానులో, మిక్సీలో కూడా వుంటుంది.

1837లో మైకేల్ ఫారడే ఇంకొక అడుగు వేశాడు. ఈయన కమ్మరివాడి కొడుకు, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకుంటూ చదువుకున్నవాడు. ఒక ఇత్తడి గోళంలో ఇంకొక గోళం పెట్టి, రెండింటి మధ్య వుండే ఖాళీలో ఒకసారి వట్టి గాలి, ఒకసారి లక్క, ఒకసారి గంధకం, ఒకసారి గాజు పెట్టి చూశాడు. గాలికంటె లక్కా గంధకం గాజూ వున్నప్పుడు ఎక్కువ విద్యుత్తు నిలవ వుంది. అంటే ఏమిటి? కరెంటును పారనివ్వని వస్తువు, కరెంటు ప్రభావాన్ని అడ్డుకోవడం లేదు సరిగదా, గాలికంటె బాగా అందిస్తోంది! తలుపు వేసివున్నా వంటింట్లో పోపు వాసన హాల్లోకి వచ్చినట్టు, గాజు మూసివున్నా ప్రభావం అవతలికి చేరుతుంది. ఆయన పేరుమీదనే కెపాసిటర్ కొలతకి ఫారడ్ అని పేరు పెట్టారు.

ఇప్పుడు మన పొయ్యి దగ్గరికి వద్దాం. గాజుపలక కింద, మీట బొమ్మ వేసిన ప్రతిచోటా, వేలికొసంత రాగిరేకు ఒకటి వుంటుంది. కొన్ని పొయ్యిల్లో రేకుకు బదులు చిన్న లోహపు స్ప్రింగు గాజుకు కిందనుంచి ఆనుకుని వుంటుంది. ఆ రేకు కెపాసిటర్‌లో ఒక సగం. రెండో సగం అక్కడ వుండదు. మీరు వేలు తెచ్చి గాజుమీద పెట్టినప్పుడు ఆ రెండో సగం మీ వేలే అవుతుంది. లైడెన్ జాడీని పట్టుకున్న అరచెయ్యిలాగే.

వేలు వచ్చిందని లోపలి చిప్‌కి ఎలా తెలుస్తుంది? కొళాయి కింద చెంబు పెట్టారనుకోండి. పది లెక్కపెట్టేసరికి నిండుతోంది. మీరు చూడనప్పుడు ఎవరో ఆ చెంబు తీసి కాస్త పెద్ద చెంబు పెట్టారు. ఈసారి పదకొండు లెక్కపెట్టాల్సి వచ్చింది. కళ్ళతో చూడకపోయినా చెంబు మారిందని మీకు తెలిసిపోతుంది కదూ! చిప్ చేసే పని సరిగ్గా ఇదే. ప్రతి రేకునూ సెకనుకు వేలసార్లు విద్యుత్తుతో నింపుతుంది, ఖాళీ చేస్తుంది, ఎంతసేపు పట్టిందో లెక్కపెడుతుంది. వేలు దగ్గరకి వస్తే రేకుకు కాస్త ఎక్కువ పడుతుంది, నిండటానికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే 'వేలు వచ్చింది' అనే కబురు. వేలు వల్ల పెరిగేది ఎంతనుకున్నారు? దళసరి గాజు వెనక అయితే ఒక పికోఫారడ్ కూడా వుండకపోవచ్చు. పికోఫారడ్ అంటే ఫారడ్‌లో లక్ష కోట్లవ వంతు! అంత సన్నటి తేడాను పట్టుకునే చిప్పులు చవకగా తయారుకావడంవల్లనే ఈ మీటలు మన వంటింటిదాకా వచ్చాయి.

ఈ ఊహ మాత్రం కొత్తది కాదు. రష్యాలో లియోన్ థెరెమిన్ అనే ఇంజనీరు 1920 ప్రాంతంలోనే, ముట్టుకోకుండా వాయించే సంగీత వాద్యం చేశాడు. గాలిలో చెయ్యి దగ్గరికీ దూరానికీ కదుపుతుంటే స్వరం మారేది. అదీ చేతి కెపాసిటర్ మహిమే. 1965లో ఇంగ్లండులో మాల్వెర్న్ రాడార్ పరిశోధనశాలకు చెందిన ఇ.ఎ.జాన్సన్, విమానాల రాకపోకలను చూసే ఉద్యోగులకోసం వేలితో తాకితే పలికే తెర గురించి రాశాడు. 1970ల్లో స్విట్జర్లాండులో సెర్న్ అణుపరిశోధన సంస్థవారు ఒక బ్రహ్మాండమైన యంత్రానికి వేలకొద్దీ మీటలు బిగించలేక ఇలాంటి తాకుడు తెరలు తయారుచేసి, 1976లో ఆ యంత్రం మొదలైనప్పుడు వాడుకున్నారు. 2007లో ఐఫోన్ వచ్చాక ఇది అందరి అరచేతిలోకీ వచ్చేసింది.

ఇక మనకు పనికొచ్చే సంగతులు.

గట్టిగా నొక్కి ప్రయోజనం లేదు. వేలి మొనతో పొడవకుండా, వేలి మెత్తటి భాగం పరిచినట్టుగా ఆనించి ఒక్క క్షణం వుంచి తీసెయ్యాలి. ఎంత ఎక్కువ చోటు ఆనితే మీటకు అంత బాగా తెలుస్తుంది. గోటితో తాకితే చాలాసార్లు పలకదు. కష్టం చేసి వేళ్ళు కాయలు కాసినవారికి పలకకపోతే ఆ ఎండిన చర్మం కూడా మధ్యలో ఇంకొక అడ్డమేనని గుర్తుంచుకోండి. అలాంటప్పుడు పక్కవేలితో తాకి చూడాలి. అంట్లు తోమే దళసరి రబ్బరు తొడుగులతోనూ ఇదే ఇబ్బంది.

దూరం పెరిగినకొద్దీ బలం తగ్గుతుంది. అందుకని మురికి పట్టకుండా టచ్ ప్యానెల్ మీద దళసరి ప్లాస్టిక్ తొడుగు వేస్తే మీట మందగిస్తుంది. తొడుగుకీ గాజుకీ మధ్య గాలి చేరితే మరీను, ఫారడే చూపినట్టు గాలి అన్నిటికంటె బలహీనమైన వాహనం. గాజు, ప్లాస్టిక్, ఎండిన చెక్క – వీటి వెనక ఈ మీట పనిచేస్తుంది. మామూలు స్టీలు రేకు వెనక మాత్రం ఇది పనిచెయ్యదు, లోహం ఆ ప్రభావాన్ని తనలోనే ఆపేస్తుంది. అందుకే స్టీలు చిమ్నీ అయినా, మీటలున్నచోట మాత్రం గాజుముక్కో ప్లాస్టిక్ ముక్కో అమర్చి వుంటుంది, గమనించండి.

నీళ్ళతో మాత్రం దీనికి పెద్ద పేచీ. వేలూ ఉప్పునీరే, ఒలికిన సాంబారూ ఉప్పునీరే. పాలు పొంగి రెండు మూడు మీటలమీద పారితే, పాపం దానికి నాలుగు వేళ్ళు ఒకేసారి ఆనినట్టు వుంటుంది. చాలా పొయ్యిలు అప్పుడు కుయ్యి కుయ్యిమని ఆగిపోతాయి. చెడిపోయిందని కంగారుపడకండి, అలా ఆగడం మన క్షేమంకోసమే. గోడ దగ్గర స్విచ్చి ఆపి, చల్లారనిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, పొడిగా అయ్యాక మళ్ళీ వెయ్యండి. తుడిచే గుడ్డ తడిదే కాబట్టి, పొయ్యి పనిచేస్తూండగా ప్యానెల్ తుడవకూడదు. 'లాక్' మీట వుంటే తుడిచేముందు అది వేసుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ లాక్ ఎప్పుడూ వుండటమే మంచిది. ఇలాంటి పొయ్యిల్లో సాధారణంగా వెలిగించడానికి రెండు తాకులు కావాలి, ఆపడానికి ఒక్కటి చాలు. ఏ చినుకో పడి దానంతటదే వెలగకూడదనే ఆ ఏర్పాటు.

వేలుకాని వేలుకు మోసపోవడమూ వుంది. 2018లో హవాయీ దీవుల్లో సీల్ అనే సముద్ర జంతువులకు వైద్యంచేసే ఆస్పత్రినుంచి ఊళ్ళో అందరికీ ఒకటే ఫోన్లు వెళ్ళాయిట. ఎత్తితే మాట్లాడేవారు లేరు. ఏమయిందా అని వెతికితే, ఒక బల్లి ఆఫీసు టెలిఫోను తాకుడు తెరమీద కూర్చుని కాళ్ళతో నంబర్లు కలుపుతోంది! బల్లి మీద పడితే ఫలమేమిటో మన పంచాంగంలో వుంది గాని, టెలిఫోను మీద పడితే ఏమవుతుందో ఇలా తెలిసింది.

మనలో చాలామంది కొత్త వస్తువు రాగానే పసుపురాసి కుంకుమ బొట్టు పెడతాం. తప్పకుండా పెట్టుకోండి. కాని తడి బొట్టు టచ్ ప్యానెల్ మీద కాకుండా అంచునో పక్కనో పెట్టండి. తడి ఆరేదాకా ఆ మీటకు అనుమానం తీరకపోవచ్చు. ఇంకొక మాట. ఈ చిప్ కరెంటు రాగానే ఒకసారి అన్ని రేకులనూ చూసుకుని, 'ఇది నా మామూలు స్థితి' అని లెక్క కట్టుకుంటుంది. ఆ సమయంలో ప్యానెల్‌మీద తడిగుడ్డో, గరిటెలున్న పళ్ళెమో వుంటే లెక్క తప్పుతుంది. కరెంటు పోయి వచ్చాక మీటలు తిక్కగా ప్రవర్తిస్తే, పైన వున్నవి తీసి, గోడ స్విచ్చి ఆపి, కాసేపాగి వెయ్యండి. మెకానిక్కు కబురుపెట్టే ముందు చెయ్యవలసిన పని ఇది.

"తడిచేత్తో ముట్టుకుంటే షాక్ కొట్టదా?" అని భయపడేవారున్నారు. గాజు బాగున్నంతవరకూ లోపలి కరెంటు మీ వేలికి రాదు, వచ్చేది ప్రభావం మాత్రమే. కాని గాజు పగిలినా, వెంట్రుకంత బీట తీసినా ఆ పొయ్యి ఇక వాడకండి. ఆ బీటలోంచి నీళ్ళు లోపలి తీగలకు చేరితే ప్రమాదం. పనిచేస్తోంది కదా, నెలాఖరుకి చూద్దాంలే అనుకోవద్దు. గోడ దగ్గర ఆపి, ప్లగ్గు తీసెయ్యండి. మూడు కాళ్ళ ప్లగ్గును, ఎర్త్ సరిగా వున్న సాకెట్‌లోనే పెట్టాలన్నది కూడా మరవకండి.

చివరగా, నాకు అన్నిటికంటె ముఖ్యమనిపించే సంగతి. మా అత్తగారికి గ్లకోమా వల్ల చూపు బాగా తగ్గింది. అయినా గ్యాసు పొయ్యి దగ్గర ఆవిడకు ఎవరి సాయమూ అక్కర్లేదు. నాబ్ తడిమి చూసుకుంటారు, ఎంత తిరిగిందో వేలితో తెలుసుకుంటారు, మంట చప్పుడు వింటారు. ఆవిడకు వేళ్ళే కళ్ళు. అలాంటివారి ముందు ఈ నున్నటి గాజుపలక పెడితే ఏమవుతుంది? తడమడానికి ఏమీ దొరకదు. పైగా తడమడమే తప్పవుతుంది. మామూలు మీటలయితే ఎన్నిసార్లయినా తడిమి చూసుకుని, ఇదీ అని నిశ్చయించుకున్నాక నొక్కొచ్చు. ఇక్కడ తెలుసుకోవడానికి ముట్టుకున్నా, వెయ్యడానికి ముట్టుకున్నా మీటకు రెండూ ఒకటే. మనసులో వున్నది దానికి తెలియదు కదా! యాభై ఏళ్ళు వంటింటిని ఏలిన మనిషి, కాఫీ కలుపుకోవడానికి కోడలిని పిలవాల్సి వస్తుంది. ఆవిడ పైకి అనరుగాని, అది చిన్న బాధ కాదు.

ఇది ముసలివాళ్ళ చాదస్తం అనుకోకండి. 2017 ఆగస్టులో సింగపూరు దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక చమురు ఓడను ఢీకొని పదిమంది నావికులు చనిపోయారు. నౌకను నడిపే తాకుడు తెరల్లో ఏది ఎవరి చేతిలో వుందో సిబ్బందికి అర్థంకాకపోవడం ఆ ప్రమాదానికి ఒక కారణమని విచారణలో తేలింది. 2019లో అమెరికా నౌకాదళం, అలాంటి ఓడల్లో వేగాన్ని మార్చడానికి చేత్తో పట్టుకు కదిపే పాతరకం మీటలే మళ్ళీ పెట్టిస్తామని చెప్పింది. చేతికి తెలిసే మీట కావాలని అడిగింది శిక్షణపొందిన ఆ నావికులే!

కనక మేము మా యింట్లో చేసుకున్న ఏర్పాట్లు చెప్తాను. మీట పక్కన – మీటమీద కాదు – ఉబ్బెత్తు చుక్కల స్టిక్కర్లు అంటించాం. 'ఆన్' పక్కన ఒక చుక్క, 'ఆఫ్' పక్కన రెండు. గోడ స్విచ్చి ఆపివున్నప్పుడు ఆవిడ కావలసినంతసేపు తడిమి అలవాటు చేసుకున్నారు, అప్పుడు మీటలు ఏమీ చెయ్యలేవు. ఎన్నిసార్లు కూసిందో లెక్కపెట్టి ఎంత వేడో తెలుసుకుంటారు. అందుకే చప్పుడు చికాకని ఎవరయినా అన్నా మేము పట్టించుకోం. అన్నిటికంటె ముఖ్యంగా, ఏ గందరగోళం వచ్చినా ప్యానెల్‌తో పెట్టుకోకుండా గోడ స్విచ్చి ఆపెయ్యాలని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. ఆ స్విచ్చి పొయ్యి వెనక కాకుండా, పొంగుతున్న గిన్నె మీదుగా చెయ్యి చాచక్కర్లేకుండా అందేచోట వుండాలి. మామూలు రోజుల్లో మాత్రం వంటయ్యాక లోపలి ఫ్యాను ఆగేదాకా వుండి ఆపడం పొయ్యికి మంచిది.

కొత్తది కొనేటప్పుడు దుకాణంలోనే చూసుకోండి. ఓవెన్ మీటలన్నీ టచ్ కావు. కొన్నిటికి ప్లాస్టిక్ పొర కింద నొక్కితే తగిలే మీటలుంటాయి. పెన్ను మూతతో నొక్కి చూడండి. మూతకు పలికితే నొక్కుడు మీట, వేలికి మాత్రమే పలికితే తాకుడు మీట. తిప్పే మర వున్నవీ దొరుకుతాయి. తాకుడు పలక తుడుచుకోవడం సులువు, సందుల్లో జిడ్డు చేరదు, మీట అరిగి వూడిపోదు. ఆ సుగుణాలు కాదనలేం. కాని కొనేముందు, దాన్ని రోజూ వాడేది ఎవరు, వాళ్ళ చూపెలా వుంది, చేతులెలా వున్నాయి అని ఒక్కసారి ఆలోచించండి. వీలయితే వాళ్ళనే వెంట తీసుకెళ్ళి, దుకాణంలో వాళ్ళ చేత్తోనే వేయించి, ఆపించి చూడండి. అమ్మేవాడు తొందరపెడితే పెట్టనివ్వండి. వాళ్ళు ఒంటరిగా ఇంట్లో వున్నప్పుడు ఆ పొయ్యి ఆపగలరా లేదా అన్నది అక్కడే తేలిపోవాలి.